చీనా శిశుగీతములు
ప్రాచీన చీనా చరిత్రకారులు వీథిబాలుర పాటలను రాజ్యభవితవ్యమును సూచించు శకునములుగా నెంచి గ్రంథస్థము చేసిరే కాని, దీపస్తంభమెక్కి చమురు త్రాగిన చిట్టెలుక దిగలేక తల్లడిల్లు పాటవంటి, కేవలము శిశువును నవ్వించుటకై పుట్టిన గీతములను చిరకాలము లెక్కింపరైరి. మింగు యుగమున లూ ఖున్ పండితుడు అట్టివానిని సేకరించియు నీతిబోధకై తిరుగవ్రాసెను. ఉద్దేశము మంచిదే యైనను ఆ పని నాకు సమ్మతము కాదు, ఏలయన అర్థమును విడిచి అంత్యప్రాసను పట్టుకొని గంతులు వేయుటయే యా పాటలకు ప్రాణము. 1896లో ఇటలీ దౌత్యకార్యాలయమునందలి వితాలే పెకింగు శిశుగీతములను మూలముతోను అనువాదముతోను ముద్రించెను. స్వదేశముననో, పెకింగు విశ్వవిద్యాలయము 1918లో జానపదగీతసేకరణకు పూనుకొని, 1922లో అందులకై యొక వారపత్రికనే వెలువరించిన పిమ్మటగాని, తల్లులును దాదులును తరతరములుగా కాపాడిన యీ సంపదకు పండితసభలో ఆసనము లభింపలేదు.