గుండె మనది, కబురు ఎవరికి?

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక కూలోళ్ల గుండెల్లోకీ పేస్‌మేకర్ చేరింది. మంచిదే. వాటిలో కొన్ని రకాలు, మంచం పక్కన పెట్టే డబ్బా ద్వారానో సెల్‌ఫోన్ ద్వారానో, గుండె కొట్టుకునే తీరూ బ్యాటరీ సంగతీ కంపెనీ కంప్యూటర్‌కి పంపుతాయి. డాక్టరు అక్కడ చూస్తాడు. మరి ఆ మిషను మోసే మనిషికి?

అంతా బాగుంటే చెప్పరు. ఫోన్ ఆగిపోయి కబురే వెళ్లకపోయినా చెప్పరు. రెండింటికీ ఒకటే మౌనమైతే పేటలో ముసలమ్మ ఏది ఏదని పోల్చుకోవాలి? "చదువు లేనోళ్లు, చెప్తే భయపడతారు" అంటారు. మమ్మల్ని అక్షరం దగ్గరికి రానివ్వంది ఎవరయ్యా?

రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. కాకినాడ వెళ్లినా రాజమండ్రి వెళ్లినా కాగితం రాసి అడగండి. తెలుగులో చెప్పమనండి: కబురు అందుతోందా, బ్యాటరీ ఎన్నాళ్లు, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి? సంఘం కార్యకర్త పక్కనే కూర్చోవాలి.