గాలి లెక్క తప్పితే...

కంప్యూటర్ తెరపై కారు పందేలాడే యువకునికి గాలి కనిపించదు. అయితే ఆ పందెం ఎంత వాస్తవమో తేల్చేది కళ్లు మిరుమిట్లు గొలిపే రంగులు కాదు, కంటికి కానరాని ఆ గాలి లెక్కే. కారు వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని అధిగమించడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఈ సూత్రాన్ని విస్మరించిన సిమ్యులేటర్‌లో గరిష్ఠ వేగమూ తప్పుతుంది, ముందు కారు చాటున సాగే కారుకు దక్కే లాభమూ తప్పుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో నగరంలో గాలి పలుచన. అందుచేత పెద్ద రెక్కలు అమర్చిన కార్లు కూడా అక్కడ మెరుపు వేగంతో దూసుకుపోతాయి. ఆ తేడా చూపలేని సిమ్యులేటర్ ఆటబొమ్మతో సమానం.

ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు. ఫార్ములా వన్‌లో 2009 నుంచి సీజన్ మధ్య ట్రాక్ పరీక్షలపై ఆంక్షలు విధించడంతో జట్లు సిమ్యులేటర్లపై మరింతగా ఆధారపడ్డాయి. కాగా 2022లో కొత్త నిబంధనల మేరకు రూపొందిన కార్లు బార్సిలోనాలో ట్రాక్ ఎక్కగానే ఎగిరెగిరి పడ్డాయి. కారు అడుగున సాగే గాలి ప్రవాహం సృష్టించిన ఈ చిక్కును అనేక జట్లు ముందుగా పసిగట్టలేకపోయాయి. అపార ధనం, మేధస్సు ఉన్నచోటే ఇలా జరగడం గమనార్హం.

సామాన్యునికి దీనితో పనేమిటన్న ప్రశ్న సహజం. కారు మైలేజీ పరీక్ష కూడా ఒక విధమైన సిమ్యులేటరే. కారు రోలర్లపై నిలిచి ఉంటుంది, చక్రాలు మాత్రమే తిరుగుతాయి. రహదారిపై ఎదురయ్యే నిరోధాన్ని ఒక అంకె రూపంలో యంత్రానికి అందిస్తారు. ఆ అంకెను తగ్గించి చూపితే మైలేజీ దానంతట అదే పెరుగుతుంది. జపాన్‌లో సుమారు 6.25 లక్షల చిన్న కార్ల విషయంలో ఈ నిరోధపు అంకెలను తారుమారు చేసినట్లు మిత్సుబిషి సంస్థ 2016లో అంగీకరించింది.

భారతదేశంలో 2020లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు కూడా మైలేజీ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే. ఎక్స్‌ప్రెస్ మార్గాలపై కార్లకు 120 కిలోమీటర్ల వరకు అనుమతిస్తూ కేంద్రం 2018లోనే నిర్ణయించింది. ఆ వేగంలో గాలి నిరోధం 90 వద్ద ఉన్నదానికంటే సుమారు 78 శాతం అధికం. ప్రకటనలో చూసిన మైలేజీ పెట్రోలు బంకు వద్ద కనిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది సామెత. ప్రయోగశాలలో గెలిచి రహదారిపై ఓడే అంకె వల్ల కొనుగోలుదారునికి ఒరిగేది లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ నిరోధపు అంకెలను ఏళ్ల తరబడి నమూనాలవారీగా ప్రచురిస్తూ వచ్చింది. మైలేజీ అంకెతోపాటు దాని వెనుక ఉన్న గాలి లెక్కనూ ప్రతి కారు పత్రాలలో తప్పనిసరి చేయడం ఇక్కడి ప్రభుత్వానికి కష్టసాధ్యమేమీ కాదు. లక్షలు పోసి కారు కొనే కుటుంబానికి ఆ మాత్రం తెలుసుకునే హక్కు ఉంది.