మంచికాయ మండీకి, బూజుకాయ చట్నీకా?

పోయిన దసరాకు కదిరి దగ్గర ఒక పల్లెలో, మా దూరపు బంధువుల ఇంట్లో ఒక కొత్త వంట తిన్నాను. ఆ ఇంటి పిల్లోడు మలేసియాలో ఒక హోటలు వంటింట్లో నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడు. సెలవు మీద వచ్చి, చేను గట్టున రెండు వరసలు ఇటుకలు పేర్చి, నడుమ బొగ్గులు పోసి, అక్కడి వంట మాకు చేసి పెట్టినాడు. దాని పేరు సాతే. కోడి మాంసం ముక్కలు పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చి, కారం కారంగా ఉండే శెనక్కాయ పులుసులో ముంచుకుని తింటారు.

వ్యవసాయం పేజీలో ఈ వంటల గోల ఏమిటని రైతు సోదరులు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. నేను చెప్పదలచుకున్నది ఆ పులుసులో పడిన శెనక్కాయ గురించి. అది చెప్పాలంటే వంట సంగతి చెప్పక తప్పదు.

సాతే పుట్టిల్లు ఇండోనేసియాలోని జావా దీవి. అక్కడి నుంచి మలేసియా, సింగపూరు, థాయిలాండు దాకా పాకింది. జావా పక్కనే మధురా అనే చిన్న దీవి ఉంది. కోడి సాతేకు, శెనక్కాయ పులుసుకు అక్కడి వాళ్ళు పెట్టింది పేరు. వెనకట కావడి భుజాన వేసుకుని, 'తే... సాతే' అని కేక వేస్తూ వీధి వీధి తిరిగి అమ్మేవాళ్ళట. మలేసియాలో అయితే కౌలాలంపూరు పక్కన ఉన్న కాజాంగ్ ఊరు దీనికి ప్రసిద్ధి. సుమత్రా దీవిలో పాడంగ్ వైపు సాతేకు మాత్రం శెనక్కాయ వేయరు, బియ్యప్పిండితో చిక్కగా చేసిన పులుసు పోస్తారు. ఒక్కో సీమది ఒక్కో పద్ధతి, మన పప్పుచారు మాదిరే.

పిల్లోడు చేసిన తీరు చెబుతాను. కిలో కోడి మాంసం, తొడ భాగమైతే మంచిది, ఎముక తీసి బొటనవేలంత ముక్కలు కోసినాడు. రొమ్ము మాంసం నిప్పు మీద ఎండిపోతుందన్నాడు. నాలుగు ఎర్రగడ్డలు, ఒక వెల్లుల్లిపాయ నూరి, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచా పసుపు, కొంచెం బెల్లం, ఉప్పు కలిపి ముక్కలకు పట్టించి రెండు గంటలు నానబెట్టినాడు. దాంట్లోకి నిమ్మగడ్డి కాడ కూడా దంచి వేస్తారంట. మన దగ్గర దొరికితే వేసుకోవచ్చు, లేకుంటే లేదు. నాటుకోడి అయితే ముదురు పనికిరాదు. నాలుగైదు నెలల పుంజును పలచగా కోసి, పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టిస్తే మెత్తబడుతుంది.

ఇక పుల్లలు. అక్కడ వెదురు పుల్లలు, కొబ్బరి ఈనెలు వాడతారు. మనకు చీపురు కట్టే ఈనెలే. కొత్త ఈనెలు తెచ్చి గంటసేపు నీళ్ళలో నానబెడితే నిప్పు మీద మాడవు. ఒక్కో ఈనెకు నాలుగైదు ముక్కలు దగ్గర దగ్గరగా గుచ్చాలి. మంట ఉండకూడదు, కణకణలాడే బొగ్గులే ఉండాలి. తాటాకు విసనకర్రతో విసురుతూ, మధ్య మధ్య నూనె పూస్తూ తిప్పి తిప్పి కాల్చాలి. పది నిమిషాల పని. చుట్టుపక్కల చేన్ల వాళ్ళంతా ఆ వాసనకు మా గట్టు మీదికి వచ్చినారంటే నమ్మండి.

పులుసు తయారీ చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. పావు కిలో శెనక్కాయ పప్పు దోరగా వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా నూరినాడు. పది ఎండు మిరపకాయలు నానబెట్టి ఎర్రగడ్డ, వెల్లుల్లితో నూరి, ఆ ముద్దను నూనెలో వేయించి, చింతపండు పులుసు, బెల్లం, కొబ్బరి పాలు పోసి, శెనక్కాయ పొడి కలిపి, పైకి నూనె తేలేదాకా సన్న సెగ మీద ఉడికించినాడు. వాళ్ళు అందులోకి తీపి సోయా రసం కూడా పోస్తారు. అది తీసేస్తే మిగిలినవన్నీ మన వంటింటి సరుకులే. ఇది మన ఊరిబిండికి వరుసకు తమ్ముడే. సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి ముద్ద పెట్టుకుని తినే సీమ మనది. కోడికి, శెనక్కాయకు జత కుదరడం మనకు ఎవరో నేర్పాల్సిన పని కాదు.

అసలు సంగతి పప్పు వేయించక ముందు జరిగింది.

పిల్లోడు శెనక్కాయ పప్పు అడిగితే వాళ్ళమ్మ మూలన ఉన్న సంచిలో నుంచి చేటెడు తెచ్చి ఇచ్చింది. వాడు చేటలో పప్పు అటూ ఇటూ చెరిగి చూసి, నెల మీద పరిచి ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టినాడు. ముడతలు పడినవి, నల్లబడినవి, పచ్చని బూజు ఉన్నవి, పురుగు తొలిచినవి అన్నీ పక్కకు తీస్తే చేటలో సగం కూడా మిగల్లేదు. మా అక్కకు కోపం వచ్చింది.

"ఏందిరా నాయనా, ఇన్ని వంకలు పెడతాండావు? ఏండ్ల తరబడి ఇవే తింటాండాం. మాకేమయింది?"

"అమ్మా, ఆడ ఇట్లాంటి గింజ ఒకటి కనపడినా మా పెద్ద వంటాయన గంపంతా పారబోయిస్తాడు. నువ్వు మంచివి యాడ పెట్టినావో అవి తీసకరా."

"మంచియ్యి యాడుంటాయిరా, మండీకి పాయె గదా."

ఈ మాట విన్నాక నాకు తిన్న సాతే కంటే ఎక్కువగా అదే గుర్తుండిపోయింది. నేను ఇరవై ఏళ్ళుగా ఈ సీమ పల్లెలు తిరుగుతున్నాను. ఏ రైతు ఇంట్లో చూసినా ఇదే వరస. గట్టి కాయ బస్తాలకెత్తి మార్కెట్ యార్డుకు, దానికంటే మేలైంది విత్తనానికి, తాలు, నల్లకాయ, ముక్కలైన పప్పు ఇంటి వాడకానికి. ఇంకా మిగిలితే కోళ్ళకు, బర్రెకు. పొదుపు అని దీనికి పేరు పెట్టుకున్నాం. నా మట్టుకు నేను దీన్ని పొదుపు అనలేను.

శెనక్కాయకు పట్టే పచ్చ బూజులో 'ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్' అనే శిలీంధ్రం ఉంటుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఇది లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, ఎందుకని వెతికితే వాటి మేతలో కలిపిన బ్రెజిల్ దేశపు శెనగ చెక్క బయటపడింది. మన దేశంలోనే 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయినారు. అంత మోతాదులో తినడం అరుదు. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి లోపలికి పోయేదే ఎక్కువ. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, కాలేయ కేన్సరుకు దారి తీస్తుంది. పచ్చకామెర్ల రకాల్లో ఒకటైన హెపటైటిస్-బి ఉన్నవాళ్ళకు ముప్పు ఇంకా ఎక్కువ. మా అక్క అన్నట్టు 'మాకేమయింది' అనుకోవడానికి కారణం ఇదే. ఈ విషం ఈరోజు తింటే రేపు కనపడేది కాదు.

వేయిస్తే పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. పూర్తిగా పోదు. ఇంటి పొయ్యి వేడికి బూజు చస్తుందే గానీ అది వదిలిన విషం చాలావరకు అట్లాగే ఉంటుంది. కారం, చింతపండు ఎక్కువ వేస్తే ఆ చేదు, ముక్క వాసన తెలియకుండా పోతాయి, అంతే. గానుగాడిస్తే విషంలో చాలా భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క బర్రె తింటే కొంత పాలల్లోకి దిగుతుంది. కోడిపిల్లలు తింటే ఎదగవు, పెట్టల గుడ్లు తగ్గుతాయి. రోగమని మందులు పోస్తాం.

మన సీమలో ఇది ఎందుకు ఎక్కువంటే, పంట చివరి నెలలో వాన మొహం చాటేస్తుంది. నేల ఎండి వేడెక్కినప్పుడే ఈ శిలీంధ్రం భూమిలోని కాయలోకి చొరబడుతుంది. దానికి మనం చేయగలిగింది కొంతే. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పెంకు గట్టిపడి కొంత ఆపుతుంది. పురుగు కొట్టకుండా, కలుపు తీసేటప్పుడు కాయకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి. కోతకు ముందే ఎండి చచ్చిపోయిన మొక్కల కాయను మంచి కాయలో కలపకూడదు.

కానీ కట్టె పీకినాక జరిగేది మన చేతిలోనే ఉంది. కట్టెను తలకిందులుగా, కాయ పైకి వచ్చేలా వరసల్లో పేర్చి ఆరబెడితే గాలి ఆడుతుంది. పచ్చి మీద వామి వేస్తే లోపల ఉడుకెత్తి బూజుకు పండగే. గుప్పెడు కాయ తీసుకుని చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగితే తప్ప బస్తాకెత్తకూడదు. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, మిషనులో ఒలిపించేటప్పుడు పప్పు విరగకూడదని కాయ మీద నీళ్ళు చల్లడం. ఎండబెట్టిన కష్టమంతా ఆ ఒక్క బిందెతో పోతుంది.

కోత అయినాక చేలో మిగిలిన కాయను పరిగె ఏరుకుంటారు. భూమిలో తెగి ఉండిపోయిన ఆ కాయలో విషం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దాన్ని ఏరుకునేది సెంటు భూమి లేని కూలి తల్లులు, వాళ్ళ పిల్లలు. ఏరుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఏరుకున్నది ఒలిచినాక గింజ గింజ చూసుకోమని మాత్రం చెప్పగలను. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొన్ని పాడు గింజల్లోనే గుట్టగా ఉంటుంది. అందుకే చేత్తో ఏరడం అంత బాగా పని చేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

'ఇంత శ్రమ పడి ఎండబెడితే మండీలో మాకేమన్నా రూపాయి ఎక్కువ ఇస్తారా?' అని రైతులు అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర దక్కడమే కష్టమైన చోట శుభ్రమైన కాయకు వేరే ధర ఎవరిస్తారు? వ్యాపారి పప్పు దిగుబడి చూస్తాడు, నూనె చూస్తాడు, తేమ ఉందని ధర కోస్తాడు. బూజు విషం లేదని ఒక్క రూపాయి కలపడు. 1986లో నూనెగింజల మిషన్ వచ్చినప్పటి నుంచి శెనక్కాయ అంటే నూనె అనే లెక్కే మన యార్డుల్లో పాతుకుపోయింది. అది మనుషులు తినే తిండి అన్న లెక్క ఇంకా రాలేదు.

కొనేవాళ్ళు మాత్రం ఆ లెక్కే చూస్తున్నారు. ఇండోనేసియా మన దేశపు శెనక్కాయలు ఎక్కువగా కొనే దేశాల్లో ఒకటి. అంటే జావా వీధుల్లో సాతే పులుసుకు నూరే గింజల్లో మన దేశపు రైతు చెమట కూడా ఉంది. ఆ దేశమే 2025 సెప్టెంబరులో అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉందని మన శెనక్కాయ దిగుమతిని ఆపేసింది. యూరపు దేశాలైతే నేరుగా తినే పప్పులో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే తీసుకోవు. ఓడరేవు దగ్గర సరుకు ఆగితే ఎగుమతిదారుకు నష్టం ఒకసారి, ఆ సాకుతో ధర పడితే రైతుకు నష్టం ఏడాదంతా.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పరీక్షించే పద్ధతిని ఎప్పుడో తయారు చేసినారు. శెనక్కాయ వచ్చే ప్రతి పెద్ద యార్డులో ఆ పరీక్ష ఒకటి పెట్టి, తక్కువ ఉన్న లాటుకు క్వింటాలుకు ఇంత అని అదనంగా కలిపితే చాలు, రైతుకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. యార్డులో తూకం కాటా లేకుంటే గొడవ చేస్తాం కదా, దీనికీ అట్లాగే అడగాలి. మహిళా సంఘాలు ఏరిన పప్పు వేయించి, పొడిగా, ముద్దగా చేసి పట్టణాల్లో అమ్మితే కొంత డబ్బు ఊళ్ళోనే మిగులుతుందని అధికారులు మీటింగుల్లో చెబుతుంటారు. మంచి మాటే. అయితే పరీక్ష లేకుండా ఆ పని మొదలుపెడితే మన ఇంటి తప్పును పట్నం వాళ్ళకు కూడా పంచినట్టవుతుంది.

మండీ మారే దాకా మన చట్నీ ఆగనక్కర్లేదు. పదెకరాల రైతు అయినా, రెండెకరాల రైతు అయినా, కాయ అమ్మకముందే ఇంటి మంది లెక్కన ఏడాదికి సరిపడా గట్టి కాయ ఒకటో రెండో బస్తాలు పక్కన పెట్టుకోవాలి. బాకీల వాళ్ళు కళ్ళం మీదే నిలబడితే అది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా రెండు బస్తాల డబ్బు వదులుకోలేక పిల్లలకు తాలు పెట్టడం మాత్రం నాకు మింగుడు పడడం లేదు.

ఆ రోజు మా అక్క లోపలికి పోయి విత్తనానికి దాచిన బస్తా మూతి విప్పి రెండు శేర్ల కాయ తెచ్చి ఒలిచింది. విత్తనం తగ్గుతుందని మా బావ ఒక్క చూపు చూసినాడు గానీ, కొడుకు ముందర ఏమీ అనలేకపోయినాడు. సాతే తిన్నాక మాత్రం ఆయనే మూడు సార్లు పులుసు అడిగి వేయించుకున్నాడు. పొద్దు గూకినాక చేటలో పక్కకు తీసిన గింజలు చూపించి, "వీటిని కోళ్ళకేద్దునా?" అని అడిగింది అక్క. వద్దన్నాను. పిల్లోడు పార తీసుకుని దిబ్బ అవతల మోకాలి లోతు గుంత తీసినాడు. చేటతో పాటు ఆ మూలనున్న సంచి కూడా తెచ్చి అక్కే తన చేత్తో అందులో పోసింది.