గెలుపు ఇవ్వని సమాధానం

గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు ఓటమి వేళనే పుడతాయని సాధారణంగా మనం భావిస్తాం. ఓడిన శిష్యుని శ్రద్ధను గురువు శంకిస్తాడు. గురువు బోధనను శిష్యుడు శంకిస్తాడు. కానీ విజయం లభించిన వేళనే పుట్టి, ఆ విజయం చాటున దాగి, దశాబ్దాలపాటు చల్లారని కినుకలు కూడా ఉంటాయి. అమెరికా బాస్కెట్‌బాల్ చరిత్రలో ఫిల్ జాక్సన్ అనే శిక్షకునికీ, స్కాటీ పిపెన్ అనే మేటి క్రీడాకారునికీ నడుమ ఏర్పడిన ఎడం అటువంటిది. అది పుట్టింది ఆట ముగియడానికి 1.8 సెకన్లు మాత్రమే మిగిలి ఉన్న వేళ. ఇరవై ఏడు సంవత్సరాల తరువాత కూడా అది మాటల రూపంలో బయటపడుతూనే ఉంది. ఆ రెప్పపాటు కాలంలో ఏం జరిగింది? అందులో ఎవరి తప్పు ఎంత? విద్యార్థులుగా, రేపటి పెద్దలుగా మీరు ఆలోచించదగిన ప్రశ్నలివి.

పిపెన్ అర్కాన్సా రాష్ట్రంలోని హాంబర్గ్ అనే చిన్న పట్టణంలో 1965లో జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో అతడు కడగొట్టువాడు. తండ్రి కాగితపు మిల్లు కార్మికుడు. పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఒక అన్న కూడా అదే స్థితిలో ఉన్నాడు. కళాశాలలో చేరినప్పుడు పిపెన్‌కు ఆటగానిగా ఉపకారవేతనం లభించలేదు. జట్టుకు కావలసిన పనులు చూసే సహాయకునిగా మొదలై, పట్టుదలతో ఆటగాడై, 1987లో షికాగో బుల్స్ జట్టులో అడుగుపెట్టాడు. ఇంటి బరువు తెలిసినవాడు కనుక 1991లో భద్రతనే కోరుకొని, తక్కువ వేతనానికి దీర్ఘకాల ఒప్పందంపై సంతకం చేశాడు. ఆ తరువాత ఆటగాళ్ల వేతనాలు ఆకాశాన్ని అంటాయి. 1997-98 నాటికి, లోకంలో అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడై ఉండి కూడా, సొంత జట్టులోనే వేతనంలో అతనిది ఆరవ స్థానం. తన విలువను జట్టు యాజమాన్యం గుర్తించడం లేదన్న బాధ అతని మనస్సులో ఆనాటి నుండీ ఉంది.

ఫిల్ జాక్సన్ 1989లో ఆ జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. ఒక్క వీరుని చుట్టూ ఆటను తిప్పడం కాక, ఐదుగురూ బంతిని పంచుకొని ఆడాలన్నది ఆయన సిద్ధాంతం. సహాయ శిక్షకుడు టెక్స్ వింటర్ ప్రచారం చేసిన త్రికోణ వ్యూహం అందుకు ఆయుధమైంది. ఆ వ్యూహం నడవడానికి మైఖేల్ జోర్డాన్ ప్రతిభ ఎంత అవసరమో, బంతిని సకాలంలో సరైన చేతికి అందించగల పిపెన్ వివేకమూ అంతే అవసరమైంది. 1991, 1992, 1993 సంవత్సరాలలో బుల్స్ జట్టు వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచింది. కీర్తి అధికభాగం జోర్డాన్‌ను వరించింది. పిపెన్ అతని నీడలోనే ఉండిపోయాడు.

1993 అక్టోబరులో జోర్డాన్ ఆట నుండి విరమించుకున్నాడు. బుల్స్ కథ ముగిసిందని అందరూ అనుకొన్నారు. పిపెన్ ఆ మాట అబద్ధం చేశాడు. అతని నాయకత్వంలో జట్టు ఆ ఏడాది 55 ఆటలు గెలిచింది. మేటి ఆటగాళ్ల ప్రత్యేక పోటీలో అతడు ఉత్తమ క్రీడాకారునిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది క్రొయేషియా నుండి టోనీ కుకోచ్ అనే కొత్త ఆటగాడు జట్టులో చేరాడు. జట్టు నిర్వాహకుడు జెర్రీ క్రాస్ అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుండే కుకోచ్‌ను మెచ్చుకొంటూ, అతని రాకకై ఎదురుచూశాడు. ఇంట ఉన్న కుమారుని కష్టం కానక, పొరుగూరి పిల్లవానిని పొగడే తండ్రిని చూచి ఆ కుమారునికి కలిగే బాధ ఎటువంటిదో పిపెన్‌ది అటువంటి బాధ. ఇందులో కుకోచ్ దోషం ఏమీ లేదు. కానీ బాధకు న్యాయాన్యాయ విచక్షణ తక్కువ.

ఈ నేపథ్యంలో 1994 మే 13 వచ్చింది. షికాగోలో న్యూయార్క్ నిక్స్ జట్టుతో మూడవ ఆట జరుగుతున్నది. మొదటి రెండు ఆటలూ బుల్స్ ఓడిపోయింది. ఆనాడు మొదట సంపాదించిన పెద్ద ఆధిక్యం చివరి భాగంలో కరగిపోయింది. నిక్స్ ఆటగాడు ప్యాట్రిక్ యూయింగ్ బంతిని బుట్టలో వేసి, రెండు జట్లనూ 102 పాయింట్ల వద్ద సమం చేశాడు. మిగిలినది 1.8 సెకన్లు. జాక్సన్ విరామం కోరి, ఆటగాళ్లను చుట్టూ చేర్చుకొని వ్యూహం చెప్పాడు. పిపెన్ గీత వెలుపల నిలిచి బంతిని లోపలికి అందించాలి; చివరి ప్రయత్నం కుకోచ్ చేయాలి. ఏడాది పొడుగునా జట్టును భుజాలపై మోసిన నాయకునికి ఆ మాట ములుకులా తగిలింది. అతడు ఆడనని బల్లపై కూర్చుండిపోయాడు. అతని స్థానంలో పీట్ మైయర్స్ బంతిని అందించాడు. కుకోచ్ దానిని అందుకొని, తిరిగి విసిరాడు. బంతి బుట్టలో పడింది. 104-102తో బుల్స్ గెలిచింది.

గెలిచిన జట్టు గదిలో ఆనాడు సంబరం లేదు. అనుభవజ్ఞుడైన బిల్ కార్ట్‌రైట్ కన్నీళ్లతో పిపెన్‌ను నిలదీశాడు. పిపెన్ సహచరులకు క్షమాపణ చెప్పుకొన్నాడు. జాక్సన్ అతనిని ఆట నుండి బహిష్కరించలేదు. తోటివారి ముందు తల వంచుకోవడమే తగిన దండనగా భావించాడు. తరువాతి ఆటలో పిపెన్ మళ్లీ బరిలో దిగాడు; బుల్స్ గెలిచింది. చివరకు ఏడవ ఆటలో ఓడి పోటీ నుండి నిష్క్రమించింది. 1995లో జోర్డాన్ తిరిగి వచ్చాడు. 1996 నుండి 1998 వరకు ఆ జట్టు మరో మూడుసార్లు విజేత అయింది. 1995-96లో 82 ఆటలకు 72 గెలిచి చరిత్ర సృష్టించింది. చూచేవారికి పాత గాయం పూర్తిగా మానినట్లే కనిపించింది.

అది మానలేదని 2020, 2021 సంవత్సరాలలో తేలిపోయింది. 2020లో ప్రసారమైన ఒక ధారావాహిక చిత్రంలో పిపెన్ మాట్లాడుతూ, అది జరగకుండా ఉంటే బాగుండేదన్నాడు. మళ్లీ ఆ క్షణం వస్తే మాత్రం బహుశా అలాగే చేస్తానని కూడా అన్నాడు. మరుసటి ఏడాది మరొక అడుగు ముందుకు వేసి, ఆనాటి జాక్సన్ నిర్ణయం వెనుక జాతి వివక్ష ఉన్నదని బహిరంగంగా ఆరోపించాడు. అదే సంవత్సరం తన ఆత్మకథను ప్రచురించి, ఆ 1.8 సెకన్లను మళ్లీ లోకం ముందుంచాడు.

ఇక మనం విచారించవలసినది న్యాయం. ముందుగా చెప్పవలసినది, పిపెన్ చేసింది తప్పు. వేదన ఎంతటిదైనా, జట్టు ఆపదలో ఉన్నప్పుడు నాయకుడు కూర్చుండిపోకూడదు. ఆ సమయంలో అతడు ధిక్కరించింది జాక్సన్‌ను మాత్రమే కాదు, తనను నమ్ముకొన్న తోటి ఆటగాళ్లను కూడా. ఆ రాత్రి కార్ట్‌రైట్ కన్నీళ్లు కార్చింది అందుకే. రెండవది, జాక్సన్ నిర్ణయంలో ఆట పరంగా అసంగతమేమీ లేదు. కుకోచ్ ఆ ఏడాది చివరి క్షణాలలో బంతి వేసి జట్టును గెలిపించిన సందర్భాలు అప్పటికే ఉన్నాయి. బంతిని కచ్చితంగా అందించడంలో పిపెన్‌ను మించినవాడు జట్టులో లేడు. వివక్ష ఆరోపణ మాత్రం చాలా బరువైనది. జోర్డాన్‌ను, ఆ తరువాత లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టులో కోబీ బ్రయంట్‌ను అటువంటి క్షణాలలో ఎన్నోసార్లు నమ్మిన శిక్షకునిపై ఒక్క నిర్ణయాన్ని ఆధారం చేసుకొని ఆ ముద్ర వేయడం నాకు న్యాయంగా తోచదు.

అయితే విచారణ ఇక్కడితో ముగిస్తే మనమూ పొరబడినట్లే. నిర్ణయం సరైనది కావడం వేరు. ఆ నిర్ణయం ఎదుటివాని మనస్సుకు అర్థం కావడం వేరు. శ్వేతజాతి శిక్షకుడు, ఐరోపా నుండి వచ్చిన శ్వేతజాతి యువకుడు, నడుమ జీవితమంతా తన విలువను నిరూపించుకొంటూ వచ్చిన నల్లజాతి క్రీడాకారుడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల చరిత్ర తెలిసినవారికి ఆ అనుమానం ఎందుకు మొలిచిందో అర్థమవుతుంది. ఆరోపణ నిలవకపోవచ్చు, దాని వెనుక ఉన్న నొప్పి మాత్రం నిజం. “నన్ను ఎందుకు కాదన్నారు?” అన్న ప్రశ్న అది.

ఆ ప్రశ్న తేలకపోవడానికి కారణం ఆనాటి గెలుపేనని నా అభిప్రాయం. బంతి గురి తప్పి ఉంటే శిక్షకుడు తన నిర్ణయానికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది. అప్పుడు ఇద్దరి మనస్సులలోని మాటలూ బయటపడేవి. బంతి బుట్టలో పడగానే లోకం దృష్టిలో శిక్షకుడు ఒప్పు, క్రీడాకారుడు తప్పు అయిపోయారు. అడగడానికి ఒకరికి నోరు లేకపోయింది. చెప్పడానికి మరొకరికి అవసరం లేకపోయింది. తరువాత కలిసి ఆడిన నాలుగేళ్లలో వారి మధ్య ఏ మాటలు నడిచినా, అవి ఆ లోటు తీర్చలేదనడానికి 2021 నాటి మాటలే సాక్ష్యం. మూడు విజయాలు కూడా ఒక్క వివరణకు బదులు కాలేకపోయాయి.

మన మహాభారతంలో ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు కోరినప్పుడు ఆ శిష్యుడు ఎందుకని అడగలేదు. అతడు అడగని ఆ ప్రశ్నను లోకం నేటికీ అడుగుతూనే ఉంది. అడగని ప్రశ్న అంతరించదు. చోటు మార్చుకొని మరొకచోట తల ఎత్తుతుంది.

ఇటువంటి ఎడం తీరనిదేమీ కాదు. జాక్సన్ జీవితమే అందుకు మరొక ఉదాహరణ. 2004లో లేకర్స్ జట్టును వీడిన తరువాత ఆయన వ్రాసిన పుస్తకంలో కోబీ బ్రయంట్ శిక్షణకు లొంగనివాడని తీవ్రంగా విమర్శించాడు. అటువంటి మాట అచ్చయిన తరువాత ఆ ఇద్దరూ కలుస్తారని ఎవరూ అనుకోలేదు. 2005లో ఆయన అదే జట్టుకు తిరిగి వచ్చాడు. ఇద్దరూ మళ్లీ కలిసి పనిచేసి 2009, 2010లలో జట్టును విజేతగా నిలిపారు. ఆ తగవు దాగినది కాదు, అందరికీ తెలిసినది. కనుక దానిని ఎదుర్కొనక తప్పలేదు. దాగిన కినుకకంటె బయటపడిన కోపం ఒక్కొక్కసారి మేలు చేస్తుంది.

మన హైదరాబాదులోనూ ఇటువంటి సంఘటన ఒకటి ఉంది. 2014లో సైనా నెహ్వాల్ తన గురువు పుల్లెల గోపీచంద్‌ను వీడి బెంగళూరుకు వెళ్లింది. ఆ ఎడబాటు తనను ఎంతగా బాధించిందో గోపీచంద్ తరువాత ఒక పుస్తకంలో దాచకుండా చెప్పుకొన్నాడు. 2017లో ఆమె తిరిగి ఆయన వద్దకే చేరి, 2018లో కామన్వెల్త్ క్రీడల స్వర్ణం సాధించింది. గురువుకూ మనస్సు ఉంటుంది, అది కూడా నొచ్చుకొంటుంది అన్న సంగతి శిష్యులు తరచు మరచిపోతారు.

తప్పు పిపెన్‌దే అయినా, మొదటి మాట మాత్రం జాక్సన్‌దే కావాలని నేను అంటాను. అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, వివరించే బాధ్యత కూడా వారిదే. విరామ సమయంలో వివరించే వ్యవధి ఉండదు, నిజమే. గెలిచిన మరునాడు ఉంటుంది; ఆ మరునాడూ ఉంటుంది. “నీకు విలువ లేక కాదు, ఆ పనికి నీకంటె తగినవారు లేక ఆ బాధ్యత నీకిచ్చాను” అన్న మాట శిష్యుని చెవికే కాక మనస్సుకు కూడా అందేవరకు చెప్పవలసినది గురువే.

విద్యార్థులారా! రేపు మీ కళాశాల జట్టులో, ఆ తరువాత మీ ఉద్యోగంలో, మీరు కోరుకొన్న పని మరొకరికి దక్కే రోజు తప్పక వస్తుంది. ఆనాడు బల్లపై కూర్చుండిపోకండి. మీకు అప్పగించిన పని పూర్తిచేసి, ఆ తరువాత వెళ్లి, ఎందుకని వినయంగా అడగండి. ఎప్పుడో ఒకనాడు ఆ నిర్ణయాలు చేసే స్థానంలో మీరే ఉంటారు. అప్పుడు మీ నిర్ణయం ఫలించినా సరే, నొచ్చుకొన్నవానిని పిలిచి కారణం చెప్పండి. ఆ మాటకు ఐదు నిమిషాలు పడుతుంది. అది చెప్పకుండా వదిలితే ఏమవుతుందో పిపెన్ మోసిన ఇరవై ఏడేళ్ల బరువు చెబుతుంది.