పేరు నిలుపుకొనవలె

సరకు మనది, పేరు పరులు పెట్టినది యగుట మన సీమకు క్రొత్త గాదు. ఒంగోలు గిత్తల సంతతి సముద్రములు దాటి బ్రెజిలు దేశమున విస్తరించినది. కాని యచట దానికి నిలిచిన పేరు ఒంగోలు కాదు, 'నెలోరె'. 1904కు పూర్వము ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండెడిది. ఆ జిల్లా పేరే పశువులకు స్థిరపడినది. పేరు విషయమున యజమాని ఊరకున్నచో ఇతరులు ఊరకుండరు. అంతర్జాలమున డొమైన్ నామముల యెడ మనవారు చూపుచున్న యుపేక్షను గాంచి ఈ మాట స్మరింపవలసి వచ్చినది.

గుంటూరు మిరప వర్తకుడు గాని, చీరాల, మంగళగిరి నేతపనివారి సంఘము గాని, ప్రత్తి రైతుల సంఘము గాని, తుదకు గ్రంథాలయము గాని నేడు వెబ్‌సైటు పెట్టుట సామాన్యమైనది. పెట్టువారు బొమ్మలకును రంగులకును ధనము వెచ్చింతురు. పేరును మాత్రము ఆ పని చేసిపెట్టువానికే వదలివేయుదురు. అతడు దానిని తన పేరనే నమోదు చేయించుకొనును. అతడు ఊరు విడిచిననాడు సంఘమువారికి తమ పేరుపై తమకే యధికారము లేదని తెలియవచ్చును. ఇందు దురుద్దేశమే యుండనక్కరలేదు, అజాగ్రత్త చాలును.

భూమి కొనునపుడు మనము పాత దస్తావేజులు చూతుము, ఈసీ తీయింతుము. డొమైన్ నామమునకు అట్టి విచారణ లేదు. ముందుగా నడిగినవానికే అది దక్కును. మఱియు నిది క్రయము కాదు, కౌలు. ఒక్కసారికి పదియేండ్లకు మించి గడువు లేదు. గడువు తీరిన డాట్‌కామ్ పేరును రద్దుచేసిన పిదప, అధిక రుసుముతో విడిపించుకొనుటకు 30 దినములు మాత్రమే యుండును. అటుపైన నది ఎవ్వరిదైనను కావచ్చును.

చట్టము లేదా యని యడుగవచ్చును. కలదు. సత్యం ఇన్ఫోవే వారు 'సిఫీ' యను పేరు కల్పించుకొనగా, మఱియొకరు 'సిఫ్ఫీనెట్' అని నమోదు చేసికొనిరి. బెంగుళూరు సివిల్ కోర్టు నిషేధాజ్ఞ యొసగెను. కర్ణాటక హైకోర్టు దానిని త్రోసివేసెను. 2004లో సుప్రీంకోర్టు మరల నిలిపెను. డొమైన్ నామము కేవలము చిరునామా కాదనియు, వ్యాపారచిహ్న లక్షణములు దానికి గలవనియు నందు తీర్మానింపబడెను. డాట్‌ఇన్ పేర్లకు మధ్యవర్తి తీర్పు పద్ధతియు గలదు. కాని ఫిర్యాదుదారుడు ఆ పేరుపై తన హక్కును, ఎదుటివాని దుర్బుద్ధిని ఋజువు చేయవలెను. పేరు మోసిన కంపెనీ మూడు న్యాయస్థానములు తిరుగగలదు. చిన్న సంఘము తిరుగగలదా?

పేరు ఎన్నుకొనుటయందును వివేకము వలయును. రోమను లిపిలో ద, డ లకు భేదము లేదు. పెదనందిపాడు అని వ్రాసిన మూడింటికి నొక్క యక్షరమే. చీరాలలోని దీర్ఘము మాయమగును. కావున చెవికి విన్నవాడు తప్పక వ్రాయగల పొట్టి పేరే మేలు. మన లిపికి గూడ స్థానము గలదు: తెలుగు అక్షరములతో 'డాట్ భారత్' 2011లోనే అంగీకరింపబడినది. తెలుగు పేరును కొన్ని యంత్రములు నేటికిని స్వీకరింపవని యాక్షేపింతురు. నిజమే. అందుచే రోమను పేరును విడువనక్కరలేదు, రెండును ఉంచుకొనుడు. వాడనిచో వాడుక యెట్లు కలుగును?

పేరు ప్రజల ధనరక్షణకు సైతము సాధనము. దొంగ వెబ్‌సైట్ల బాధ మాన్పుటకై 2025లో రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటిని అక్టోబరు 31 లోపల 'బ్యాంక్ డాట్ ఇన్' పేర్లకు మారవలసినదని యాజ్ఞాపించెను. ఆ పేర్లను నమోదు చేయు నధికారము మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకే యొసగబడినది. బ్యాంకు పేర చిరునామా వచ్చినపుడు పాఠకులు దాని తుదిభాగమును చదివి మఱి నమ్మవలెను.

సంఘముల పెద్దలకు మా మనవి యొక్కటే. పేరును సంఘము పేరనే నమోదు చేయింపుడు. తీర్మానమును మినిట్సు పుస్తకమున వ్రాయుడు. సంకేతపదము ఇద్దరు కార్యవర్గ సభ్యుల యొద్ద నుండవలెను. గడువు తేదీ గోడమీద నుండవలెను. పొలము గట్టునకై తరతరములు పోరాడు రైతుబిడ్డలకు పేరు గట్టు కాచుకొనుట కష్టమా?