కనుమ నాటి మొదటి వాయి

కనుమ నాడు మినుము తినాలంటారు కదా! ఎందుకని ఎవరూ అడగరు గానీ గారెలు మాత్రం అందరూ అడుగుతారు. ఈ వారం నేను చెప్పబోయేదీ గారెల సంగతే. వంట కాసింత, మిగతాదంతా నా సొంత గోల. కాస్త ఓపిగ్గా చదవండి.

నేను కోడలిగా జంపని వచ్చింది 1983లో. అప్పుడు మాది గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా, రైల్లో వచ్చే చుట్టాలు తెనాలి మీదుగా రేపల్లె లైన్లో రావాల్సిందే! భోగి ముందు రోజుకే ఇంటినిండా ఇరవై మంది. భోగిమంట, పిల్లలకు రేగుపళ్ళు పోయడం, పెద్దలకు బట్టలు పెట్టుకోవడం మీ ఇళ్ళలోనూ ఉండేవే, వాటిని వదిలేద్దాం. మూడోనాడు కనుమ. ఏడాదంతా చాకిరీ చేసిన ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టేవాళ్ళు. చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడేవి, పిచ్చుకల కోసం. పంట ఇంటికొచ్చాక గొడ్డుకీ, పిట్టకీ కూడా వాటా ఉండేదన్నమాట.

మినుములు మా చేలోవే. ఇక్కడ వరి కోతకు కొద్దిరోజుల ముందే, ఆ పదునులోనే మినుము చల్లేస్తారు. వరి తీసేసరికి మొలకలు పైకొస్తాయి. పల్లాకు తెగులు బాధ పడలేక ఇప్పుడు చాలామంది మొక్కజొన్నకు మారిపోయారు లెండి. పొట్టుపప్పు నానబెట్టి కడిగితే ఆ పొట్టు గేదెల కుడితిలోకి పోయేది. ఇక రుబ్బడం! గ్రైండర్లు లేవు. ఇరవై మందికి సరిపడా పిండి మా అత్తయ్య తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బురోట్లో రుబ్బేవారు. నేను పప్పు ఎగదోస్తూ కునికిపాట్లు పడేదాన్ని.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది చెబుతాను, రాసుకోండి. పప్పు నాలుగైదు గంటలకు మించి నాననివ్వకండి. రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించాలే తప్ప పోయకూడదు. కాస్త పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. ఉప్పు ముందే వేస్తే పిండి జారైపోతుంది, నూనె కాగాకే కలపండి.

వాయి తరవాత వాయి అత్తయ్య వేస్తుంటే నేను వడ్డించేదాన్ని. ముందు పిల్లలకు, తరవాత మగవాళ్ళకు, ఆనక అల్లుళ్ళ మారు వడ్డనలు. ఆవిడ తినేసరికి మధ్యాహ్నం రెండు దాటేది. అడుగున మిగిలిన చల్లారిన గారెలు రెండు, మజ్జిగలో ముంచుకుని. ఇది నాకు వింతగా ఎప్పుడూ అనిపించలేదు. మీకు అనిపించిందా?

ఈ ఏడు కనుమకి నా కోడలు వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పిల్ల, గారెకు చిల్లు పెట్టడం కూడా సరిగ్గా రాదు. మొదటి వాయి తీసి, ప్లేట్లో రెండు పెట్టి, "అత్తయ్యా, మీరు వేడివేడిగా తినేయండి. మిగతావి నేను వేస్తాను" అంది. నోట్లో పెట్టుకున్నానే గానీ మింగుడు పడలేదు. నలభై ఏళ్ళలో ఈ మాట నేను ఒక్కసారైనా అత్తయ్యతో అన్నానా? ఎంత వెతుక్కున్నా ఒక్క కనుమ కూడా గుర్తుకు రాలేదు.

అదే ప్లేటులో ఇంకో వేడి గారె పెట్టుకుని గదిలోకి వెళ్ళాను. అత్తయ్యకిప్పుడు ఎనభై ఆరు. "మొదటి వాయి అత్తయ్యా, తినండి" అన్నాను.

ఆవిడ గారెను వేలితో నొక్కి చూసి నవ్వారు. "పళ్ళున్నన్నాళ్ళూ పెట్టకుండా ఇప్పుడు తెచ్చావటే?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పాలనుకున్నదేదో గొంతులోనే ఉండిపోయింది. "అప్పట్లో నాకు తోచలేదు అత్తయ్యా" అని మాత్రం అన్నాను.

"మా అత్తగారికి నేను మాత్రం పెట్టానా? కాసిని పాలలో నానబెట్టి తీసుకురా" అన్నారు. తెచ్చి తినిపిస్తుంటే సగంలో ఆపి, "అరిసెల పిండి దంచిన ఆమెకి పంపావా?" అన్నారు.

అరిసెల పిండి ఇప్పుడు మిల్లులో ఆడిస్తున్నాం. అత్తయ్య అడిగింది, ఏనాడో మా ఇంట్లో తడిబియ్యం దంచిపెట్టిన మనిషి గురించి. ఆ దంపుడికి అరచేతులు బొబ్బలెక్కేవి. పండగైపోయాక కూలీ, నాలుగు అరిసెలు ఇచ్చి పంపేవాళ్ళం. ఎద్దులకు బొట్టు పెట్టిన ఇంట్లో ఆమెను ఇంత కూర్చోబెట్టి వడ్డించిన గుర్తు నాకు లేదు.

గిన్నెలో గారెలు సర్ది, నా కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె మంచంలో ఉంది. నన్ను పోల్చుకోలేదు, "పెద్దమ్మగారి కోడల్ని" అంటే మాత్రం చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. వచ్చేటప్పుడు వాళ్ళమ్మాయి, ఖాళీ గిన్నె ఎలా పంపిస్తామంటూ పెరట్లో పాదు నుంచి చిక్కుడుకాయలు కోసి నింపింది. ఆ రాత్రి మా ఇంట్లో చిక్కుడుకాయ కూర.