యంత్రము వ్రాసిన లెక్కకు సంజాయిషీ ఎవరిది?

1960 దశకపు చివరి సంవత్సరములలో కలకత్తాలోని ఇలాకో హౌస్ వద్ద జీవిత బీమా ఉద్యోగులు ఎలక్ట్రానిక్ కంప్యూటరును లోనికి రానీయక రేయింబవళ్ళు కాపలా కాసిరి. యంత్రము వచ్చినచో ఉద్యోగము మిగులునా అన్నదే నాటి ప్రశ్న. నేడు యంత్రము మన చేతిలోనే ఉన్నది, ప్రశ్న మారినది. మన పనికి లెక్క ఎవరు వ్రాయుచున్నారు? ఆ లెక్కలో తేడా వచ్చినచో సంజాయిషీ ఎవరు చెప్పుకొనవలెను? బస్తరు అడవులలో పనిచేయు మన సోదరుల స్థితిని చూచినచో ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో తెలియగలదు.

ముందుగా తపాలా సంగతి. 2017 డిసెంబరులో ప్రారంభమైన 'దర్పణ్' పథకము దేశములోని 1.29 లక్షల గ్రామీణ శాఖా తపాలా కార్యాలయములకు చేతి యంత్రములను ఉద్దేశించినది. 2025 ఆగస్టు 4 నాటికి 'అడ్వాన్స్‌డ్ పోస్టల్ టెక్నాలజీ' అను నూతన వ్యవస్థ అన్ని తపాలా సర్కిళ్ళకు విస్తరించినది. దీనిని రూపొందించినది ప్రైవేటు కంపెనీ కాదు. మైసూరులోని తపాలా శాఖ సాంకేతిక కేంద్రమే. ప్రభుత్వరంగము చేతగానిదని ఎగతాళి చేయువారికి ఇదియే సమాధానము. ఇందుకు మేము గర్వించుచున్నాము.

అయితే ఈ వ్యవస్థలో బుకింగు మొదలు బట్వాడా వరకు సమస్తమును ప్రభుత్వ క్లౌడ్ అయిన 'మేఘ్‌రాజ్'లో చేరును. అనగా లెక్క మన బల్ల మీది పుస్తకములో ఉండదు. ఎక్కడనో ఉన్న డేటా కేంద్రములో ఉండును. దానిని చేరుటకు సిగ్నలు కావలెను. కుంట, భోపాల్‌పట్నము వైపు, తెలుగు మాట వినిపించు ఆ సరిహద్దు ప్రాంతమున, అడవి పల్లెలకు సెల్ టవర్లు మిక్కిలి ఆలస్యముగ చేరినవి. ఆకాశమున మేఘము కమ్మి సిగ్నలు పోయినపుడు మేఘ్‌రాజ్ బదులు పలుకదు. కోసుల దూరము నడచి డబ్బు కొరకు వచ్చిన వృద్ధురాలికి జవాబు చెప్పవలసినవాడు డేటా కేంద్రపు అధికారి కాదు, గ్రామీణ డాక్ సేవకుడు.

ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లది సివిల్ పోస్టేనని 1977లోనే రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను నేటికిని వారికి పూర్తికాల ఉద్యోగుల హోదా లేదు. నాలుగైదు గంటల పని ప్రాతిపదికగ భత్యము ముట్టుచున్నది. సిగ్నలు కొరకు గట్టెక్కి నిలుచున్న గంట ఏ పద్దులో చేరునో చెప్పువారు లేరు.

రైల్వేలోను ఇదే కథ. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకు 1960 దశకమున కొత్తవలస–కిరండూల్ మార్గము నిర్మింపబడినది. నేడు సరకు రవాణా సమాచార వ్యవస్థ ద్వారా ఖనిజపు బండి ఎచ్చట ఉన్నదో దూరము నుండియే తెలియును. సంతోషము. ఇటీవలి సంవత్సరములలో పలు డివిజన్లలో కీమన్లకు, గస్తీ సిబ్బందికి జీపీఎస్ యంత్రములు కూడ ఇచ్చిరి. ఆపదలో ఉన్న గస్తీవాని జాడ తెలియుట మేలే. కాని అతడు ఇరువది నిమిషములు ఆగెనని చెప్పు యంత్రము, ఎందుకు ఆగెనో చెప్పదు. కొండచరియ జారు సూచన చూచి ఆగినను, బద్ధకించి ఆగినను తెరపై ఒకే చుక్క! 'డేటా విశ్లేషణ' పేరిట ఆ చుక్కలను కూడి ఉద్యోగి సామర్థ్యమును తూచుట న్యాయమా?

మోసములు అరికట్టుటకే ఇదంతయు అని యాజమాన్యము వాదించును. మోసమును మేము వెనుకవేసుకొని రాము. కాని చట్టము ఎవరి వైపు ఉన్నదో చూడుడు. పని పరిస్థితులు మార్చుటకు ముందు నోటీసు ఈయవలెనన్న నిబంధన నుండి 1947 పారిశ్రామిక వివాదముల చట్టము రైల్వే, తపాలా సర్వీసు నియమములకు లోబడిన ఉద్యోగులను మినహాయించినది. దాని స్థానమున వచ్చిన 2020 కోడు ఆ మినహాయింపును నిలిపినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమో, ఉద్యోగ అవసరముల కొరకు ఉద్యోగి సమ్మతి లేకయే అతని సమాచారమును వాడుకొన వీలు కల్పించినది. చట్టము విడిచిన చోట సంఘము నిలువవలెను.

కావున మేము కోరునది ఇది:

1. నెట్‌వర్కు, సర్వరు ఆగిన ప్రతి వ్యవధియు వ్యవస్థలోనే నమోదు కావలెను; ఆ కాలము పనిగంటలలో చేరవలెను.

2. అంతరాయ సమయమున కాగితపు రసీదుతో సేవ చేయుటకు లిఖిత అనుమతి ఉండవలెను.

3. తన గురించి సేకరించిన సమాచారమును చూచుకొను హక్కు ఉద్యోగికి ఈయవలెను. యంత్రపు లెక్క ఒక్కటే ఆధారముగ ఎవరికిని శిక్ష విధింపరాదు.

4. ప్రతి కొత్త వ్యవస్థకు ముందు సంఘములతో చర్చింపవలెను.

బ్రాంచి సమావేశములలో ఈ నాలుగు అంశములపై తీర్మానములు చేసి పంపుడని సభ్యులకు విజ్ఞప్తి చేయుచున్నాము. సర్వరు ఆగిన తేదీని, వేళను నేటి నుండియే మీ పుస్తకములో వ్రాసి ఉంచుడు. యంత్రము తన లెక్క తాను వ్రాసికొనుచున్నది. మన లెక్క మనమే వ్రాసికొనవలెను.